కాలేయ క్యాన్సర్: గడ్డ చిన్నగా ఉండగా దొరికితే కోత లేకుండానే చికిత్స

హైదరాబాద్: కాలేయ క్యాన్సర్ అనగానే పెద్ద ఆపరేషన్, లక్షల ఖర్చు గుర్తొస్తాయి. కానీ తొలి దశలో దొరికితే పొట్ట కోయకుండా, సూదితోనే గడ్డను మాడ్చేసే చికిత్సలున్నాయి. చిక్కల్లా ఒక్కటే. ఆ దశలో చాలామందికి నొప్పి ఉండదు, కామెర్లూ కనిపించవు. బాగానే ఉన్నాం కదా అని పరీక్షకు వెళ్లరు.

సూది ఏం చేస్తుంది?

అల్ట్రాసౌండ్ లేదా సీటీ స్కాన్‌లో చూస్తూ డాక్టర్ చర్మం మీది నుంచి సూదిని గడ్డలోకి పంపుతారు. సూది కొన దగ్గర పుట్టే వేడికి క్యాన్సర్ కణాలు చనిపోతాయి. దీన్నే అబ్లేషన్ అంటారు. రేడియోఫ్రీక్వెన్సీ, మైక్రోవేవ్ అని రెండు రకాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. చాలామంది ఒకట్రెండు రోజుల్లో ఇంటికెళ్లిపోతారు.

ఎవరికి పనికొస్తుంది?

సాధారణంగా గడ్డలు మూడుకు మించకుండా, ఒక్కోటి 3 సెంటీమీటర్ల లోపు ఉండాలి. పెద్ద రక్తనాళం పక్కనే ఉంటే పారే రక్తం వేడిని లాగేస్తుంది, గడ్డ పూర్తిగా మాడదు. పేగును ఆనుకుని ఉన్నా, పొట్టలో నీరు చేరినా డాక్టర్లు ఆలోచిస్తారు. చికిత్స తర్వాత కాలేయంలో మరోచోట గడ్డ రావచ్చు కాబట్టి స్కాన్లు మానకూడదు.

ఎవరు జాగ్రత్తపడాలి?

మద్యం, ఫ్యాటీ లివర్, హెపటైటిస్ బి, సి వంటి ఏ కారణంతోనైనా కాలేయం గట్టిపడిన వారు, అంటే సిర్రోసిస్ ఉన్నవారు 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. దాంతోపాటు ఏఎఫ్‌పీ రక్తపరీక్ష కూడా చేస్తారు. హెపటైటిస్ బి ఉన్నవారిలో సిర్రోసిస్ లేకున్నా క్యాన్సర్ రావచ్చు. వారికి ఈ పరీక్ష ఎప్పటి నుంచి అవసరమో డాక్టర్‌ని అడగాలి. పిల్లలకైతే పుట్టిన 24 గంటల్లోపే హెపటైటిస్ బి టీకా వేయించాలి. దేశీయంగా తయారైన ఈ టీకాను 1997లో మార్కెట్లోకి తెచ్చింది మన హైదరాబాద్ సంస్థ శాంతా బయోటెక్నిక్సే.

ఉప్పల్, నాచారం కార్మికులకు

నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఈఎస్ఐ వర్తించే ఫ్యాక్టరీలు, షాపుల్లో నెలకు రూ.21,000 వరకు జీతం ఉన్నవారికి, వారి కుటుంబానికి ఈ వైద్యం అందుతుంది. ఇందుకోసం జీతంలోంచి 0.75 శాతం కట్ అవుతుంది. పెద్ద చికిత్స కావాలంటే అక్కడి డాక్టర్లే రిఫర్ చేస్తారు. ఈఎస్ఐ లేనివారు ఆరోగ్యశ్రీ కింద ఏ చికిత్స వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగొచ్చు. 2023 డిసెంబర్‌లో ఆ పథకం పరిమితి రూ.10 లక్షలకు పెరిగింది.

సెలవు పెడితే ఆ పూట కూలి పోతుందని చాలామంది స్కాన్ వాయిదా వేస్తారు. ఈలోగా గడ్డ 3 సెంటీమీటర్లు దాటితే సూదితో పోయేది పెద్ద చికిత్స దాకా వెళ్తుంది.