ఉబుంటులో కొత్త పైథాన్ కావాలా? పాతదాన్ని మాత్రం కదపొద్దు.. తీసేస్తే డెస్క్‌టాపే మాయం!

తెల్లారితే ప్రాజెక్ట్ రివ్యూ. సీనియర్ ఇచ్చిన ప్రోగ్రామ్ రన్ చేస్తే 'మ్యాచ్' అన్న లైన్ దగ్గర సింటాక్స్ ఎర్రర్. కారణం చూస్తే ల్యాప్‌టాప్‌లో ఉన్నది పైథాన్ 3.8. పాతది తీసేసి కొత్తది వేస్తే సరిపోతుంది కదా అని ఒక్క కమాండ్ కొడతారు. రీస్టార్ట్ చేసేసరికి ఐకాన్లు లేవు, మెనూ లేదు.. నల్ల స్క్రీన్ మీద లాగిన్ పేరు అడుగుతూ మిణుకుమనే ఒక్క గీత! ఎచ్చెర్ల, టెక్కలి, రాజాం, విజయనగరం.. ఎక్కడ ఇంజినీరింగ్ చదువుతున్నా, పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్నవాళ్లు ఈ ఒక్క విషయం ముందే తెలుసుకుంటే మంచిది.

అసలు సంగతి ఏంటంటే.. ఉబుంటుతో పాటు వచ్చే పైథాన్ మన ప్రోగ్రామ్‌ల కోసం పెట్టింది కాదు. అది సిస్టమ్ తన పనులకు వాడుకునేది. ఉబుంటు 20.04లో టెర్మినల్ విండోను తెరిచేది కూడా ఒక పైథాన్ స్క్రిప్టే. కొత్త సాఫ్ట్‌వేర్ రిపోజిటరీని కలిపే కమాండ్, తప్పు కమాండ్ కొడితే 'ఇది ఇన్‌స్టాల్ చేసుకోండి' అని చెప్పే సదుపాయం కూడా అంతే. అందుకే 'సుడో ఆప్ట్ రిమూవ్ పైథాన్3' అని కొడితే, దాని మీద ఆధారపడ్డ డెస్క్‌టాప్ ప్యాకేజీలన్నీ కలిసి పోతాయి. ఏమేం తీసేస్తుందో ఆ పొడవాటి లిస్టును ఆప్ట్ ముందే చూపిస్తుంది. చదవకుండా 'వై' నొక్కడమే కొంప ముంచుతుంది.

తీసేయకుండా, 'పైథాన్3' అన్న పేరును కొత్త వెర్షన్ వైపు తిప్పడం ఇంకో పొరపాటు. 'అప్‌డేట్ ఆల్టర్నేటివ్స్' వాడి ఇలా తిప్పమని చెప్పే వీడియోలు బోలెడు. తిప్పాక 'ఆప్ట్_పీకేజీ మాడ్యూల్ లేదు' అని ఎర్రర్ వస్తుంది, కొన్నిసార్లు టెర్మినలే తెరుచుకోదు. ఆ మాడ్యూల్‌ను 3.8 కోసమే తయారుచేశారు, 3.12కి అది కనిపించదు.

ఇంట్లో నీళ్లు చాలడం లేదని ఉన్న బావిని పూడ్చేసి బోరు వేయించుకోరు కదా. పక్కన వేయించుకుంటారు. ఇక్కడా అంతే.

ముందు మీ దగ్గరున్న వెర్షన్ చూసుకోండి. ఉబుంటు 18.04లో 3.6, 20.04లో 3.8, 22.04లో 3.10, 24.04లో 3.12 ఉంటాయి. 3.10 అంటే మూడు పాయింట్ పది. అది 3.8 కన్నా కొత్తది, పాతది కాదు. ఇక్కడ చాలామంది తికమకపడతారు. పై ఎర్రర్‌లోని 'మ్యాచ్' వచ్చింది 3.10లోనే. నమ్‌పై 2.0కి కనీసం 3.9 కావాలి. 3.8లో పిప్ ఏ గొడవా చేయకుండా పాత నమ్‌పై 1.24 తెచ్చి పెడుతుంది. ఫ్రెండ్ మెషీన్‌లో నడిచింది మన దగ్గర ఎందుకు నడవదో అర్థం కాక గంటలు పోయేది అందుకే.

ఇప్పుడు పాత మెషీన్‌కు అన్నిటికన్నా తేలికైన దారి 'యూవీ' అనే టూల్. దాన్ని అధికారిక సైట్ నుంచే తీసుకోవాలి. సుడో అక్కర్లేదు, పాస్‌వర్డ్ అడగదు. ముందే తయారుచేసి ఉంచిన పైథాన్‌ను డౌన్‌లోడ్ చేసి మీ హోమ్ ఫోల్డర్‌లో పెడుతుంది. సైజు కొన్ని పదుల ఎంబీలే, ఫోన్ హాట్‌స్పాట్‌తోనూ అయిపోతుంది. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి వెళ్లి 'యూవీ వెన్వ్' కమాండ్‌కు 3.12 కావాలని చెబితే ఆ ప్రాజెక్ట్‌కు మాత్రమే చెందిన వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారవుతుంది. అందులో పిప్ విడిగా ఉండదు. ప్యాకేజీలు కావాలంటే 'యూవీ పిప్ ఇన్‌స్టాల్' అనే కొట్టాలి. నచ్చకపోతే ఆ ఫోల్డర్ డిలీట్ చేస్తే చాలు, సిస్టమ్‌కు ఏమీ కాదు.

'పైఎన్వ్' కూడా హోమ్ ఫోల్డర్‌లోనే పెడుతుంది కానీ సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేస్తుంది. పాత డ్యూయల్ కోర్ ల్యాప్‌టాప్‌లో టీ తాగి వచ్చినా అవ్వకపోవచ్చు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు, సిస్టమ్ పైథాన్ ఎలాగూ చెక్కుచెదరదు. సోర్స్ తెచ్చుకుని చేత్తో కంపైల్ చేసేవాళ్లు చివర్లో 'మేక్ ఇన్‌స్టాల్' కొట్టకూడదు, 'మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్' కొట్టాలి. మొదటిది 'పైథాన్3' పేరును కూడా తీసేసుకుంటుంది. రెండోది 'పైథాన్3.12' అన్న పేరుతోనే పక్కన కూర్చుంటుంది. ముందుగా ఓపెన్ఎస్ఎస్ఎల్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ వేసుకోకపోతే పైథాన్ తయారైనా పిప్ దేన్నీ డౌన్‌లోడ్ చేయలేదు. 'డెడ్‌స్నేక్స్' రిపోజిటరీ పేరు చాలామంది చెబుతారు. మంచిదే, కానీ వలంటీర్లు నడిపేది. సపోర్ట్ ముగిసిన ఉబుంటులకు అక్కడ కొత్తవి రావు.

ఇప్పటికే చేయి జారిందా? కంగారుపడి ఫార్మాట్ చేయొద్దు. టెర్మినల్ తెరుచుకోకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. టెక్స్ట్ లాగిన్ వస్తుంది. పేరు మాత్రమే తిప్పి ఉంటే, ఎల్ఎన్ కమాండ్‌తో 'పైథాన్3' లింకును మళ్లీ 3.8కి కలిపితే చాలు. పైథాన్ మొత్తం తీసేసి ఉంటే 'ఉబుంటు డెస్క్‌టాప్' ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. ఆప్ట్‌ను రాసింది సీ ప్లస్ ప్లస్‌లో కాబట్టి పైథాన్ పోయినా అది బతికే ఉంటుంది! అయితే ఆ నల్ల స్క్రీన్ మీద వైఫై కలపడం తలనొప్పి. కేబుల్ నెట్ ఉన్న చోటుకి ల్యాప్‌టాప్ తీసుకెళ్లడం మేలు. మీ ఫైళ్లు హోమ్ ఫోల్డర్‌లో అలాగే ఉంటాయి.

ఉబుంటు 20.04కి ఉచితంగా ఇచ్చే మామూలు సపోర్ట్ 2025 మేలోనే ముగిసింది. సెమిస్టర్ అయ్యాక, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, 24.04కి మారొచ్చు. అక్కడ నేరుగా పిప్ కొడితే 'ఇది సిస్టమ్ చూసుకునే పైథాన్' అని ఆపేస్తుంది. దాన్ని దాటడానికి ఒక ఆప్షన్ ఉంది కానీ, 'సిస్టమ్ ప్యాకేజీలను పగలగొట్టు' అనేదే దాని పేరు. అది కొట్టే ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఒకటి చేసుకుంటే అసలు ఆ ఎర్రరే రాదు.