గర్భసంచి తీయకుండా మందు ఉందా?

రామగిరి ఖిల్లా మూలికలకు పేరు పడ్డది. గుట్ట ఎక్కి ఆకులు, వేర్లు తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. కానీ కొన్ని జబ్బులకు ముందు పరీక్ష కావాలి. మందు సంగతి ఆ తర్వాతే. గర్భసంచి లోపలి పొరకు వచ్చే క్యాన్సర్ అలాంటి జబ్బు.

దీని మొదటి గుర్తు నెత్తురు. ముట్టు ఆగి ఏడాది దాటాక మళ్లీ నెత్తురు కనబడవచ్చు. వయసులో ఉన్నవాళ్లకు ముట్టు ఆగకుండా పోవచ్చు. "వేడి చేసింది" అని కొందరు ఊరుకుంటారు. డాక్టరు దగ్గరికి పోతే గర్భసంచి తీసేస్తారని ఇంకొందరు భయపడతారు. నెత్తురు కనబడ్డ అందరికీ క్యాన్సర్ ఉండదు. ఉందో లేదో పరీక్షే చెప్పాలి.

గర్భసంచి లోపల మెత్తని పొర ఉంటుంది. ఒంట్లో తయారయ్యే రెండు హార్మోన్లు దాన్ని నడుపుతాయి. ఈస్ట్రోజన్ పొరను పెంచుతుంది. ప్రొజెస్టరాన్ ఆ పెరుగుదలను ఆపుతుంది. ఒకటి చెరువు తూము తెరిచినట్టు, రెండోది తూము మూసినట్టు. తూము మూయకపోతే మడి మునుగుతుంది. అట్లనే ప్రొజెస్టరాన్ చాలకపోతే పొర మితిమీరి పెరుగుతుంది. కొందరిలో అది క్యాన్సర్ అవుతుంది. ఒళ్లు బాగా పెరిగినవాళ్లకు, చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ.

మరి ప్రొజెస్టరాన్ లాంటి మందు ఇస్తే? అమెరికాలో రీటా కెల్లీ, విలియం బేకర్ అనే డాక్టర్లు ఇచ్చి చూశారు. జబ్బు ముదిరిన 21 మందిలో ఆరుగురికి గడ్డలు తగ్గాయి. ఈ సంగతి 1961లో అచ్చయింది.

2012లో బ్రిటన్ పరిశోధకులు ఇంకో లెక్క తీశారు. జబ్బు మొదట్లోనే బయటపడి, పిల్లల కోసం గర్భసంచి ఉంచుకున్న 408 మంది వివరాలు చూశారు. మందుతో నూటికి 76 మందికి జబ్బు తగ్గింది. తగ్గినవాళ్లలో నూటికి దాదాపు 41 మందికి మళ్లీ వచ్చింది. నూటికి 28 మంది బిడ్డను కన్నారు.

అంటే ఈ మందు అందరికీ కాదు. పిల్లలు కావాలనుకునేవాళ్లకు, జబ్బు లోపలి పొర దాటనివాళ్లకే. గోలీలు ఉన్నాయి. గర్భసంచిలో పెట్టే మందు లూప్ కూడా ఉంది. అది కాపర్-టి కాదు. మందు వాడినన్నాళ్లూ 3 నుంచి 6 నెలలకు ఒకసారి ముక్క పరీక్ష చేయించాలి. దుకాణంలో కొని సొంతంగా మింగవద్దు.

మిగతావాళ్లకు గర్భసంచి తీసే ఆపరేషనే ముఖ్యమైన వైద్యం. జబ్బు మొదట్లోనే చేస్తే చాలామందికి నయమవుతుంది. అయితే తెల్లబట్టకో, నడుం నొప్పికో పరీక్ష లేకుండా గర్భసంచి తీయించుకోవద్దు.

సింగరేణి కార్మికుల కుటుంబాలకు గోదావరిఖనిలో కంపెనీ ఆసుపత్రి ఉంది. మిగతావాళ్లకు అక్కడే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. క్యాన్సర్ వైద్యానికి హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ ఆసుపత్రి ఉంది.

అక్కలారా, ఇప్పుడు మీకు రాయడం వచ్చు. ముట్టు ఏ తేదీన వచ్చింది, ఎన్ని రోజులు ఉంది, క్యాలెండర్ మీద రాసిపెట్టండి. ఆసుపత్రికి పోయేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకుపోండి. ముక్క పరీక్ష కాగితం అడిగి తీసుకోండి, భద్రంగా దాచండి. సిగ్గుపడి నెత్తురును దాచవద్దు.