పిడికిలి పట్టి చూడండి

నిరుడు శ్రావణమాసంలో కూచిపూడిలో మా గురువుగారింటికి వెళ్తున్నాను. పామర్రు దాటాక కాలవ గట్టు మీద స్కూటీ జారింది. వానకు తడిసిన రేగడి, జిడ్డు కట్టి ఉంది. పడుతూ కుడిచెయ్యి నేలకు ఆనించాను. అప్పటికి పెద్ద నొప్పి లేదు. గురువుగారింటికి చేరేసరికి చెయ్యి బూరెలా పొంగింది. అమ్మగారు ముందు నా ఉంగరం సంగతి చూశారు. సబ్బునీళ్లు పోసి, వేలికి దారం బిగించి చుట్టి, మెల్లగా లాగేశారు. చేతికి దెబ్బ తగిలితే మొదట చేయాల్సిన పని అదే. వాపు పెరిగాక ఉంగరం రాదు, వేలికి రక్తం ఆడదు.

మర్నాడు విజయవాడలో తెలిసినవాళ్లు చెప్పిన చోటికి వెళ్తే పసరు పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టారు. ఎక్స్‌రే అడగలేదు. ఆ రాత్రి వేళ్ల కొనలు చల్లబడి తిమ్మిరెక్కాయి. తెల్లారకముందే మా అన్నయ్య కట్టు కోసేశాడు.

నాటువైద్యమంటే నాకు చులకన లేదు. పుత్తూరు దగ్గర రాచపాళెంలో కేశవరాజు 1881లో మొదలుపెట్టిన కట్టు కోసం జనం ఇప్పటికీ వెళ్తున్నారు. సరిగ్గా అదే ఏడు జర్మనీలో ఫోల్క్‌మన్ అనే సర్జన్, కట్టు బిగిసి రక్తం అందకపోతే కండ చచ్చి చెయ్యి కొంకర్లు పోతుందని రాశాడు. ఆకుకట్టయినా, పిండికట్టయినా ఈ ప్రమాదం ఒకటే. వేళ్లు చల్లబడినా, మొద్దుబారినా, కాస్త చాపితేనే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగవద్దు.

ఆ తర్వాత విజయవాడ సూర్యారావుపేటలో ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి, "ఏదీ, మెల్లగా పిడికిలి పట్టమ్మా" అన్నారు. నాట్యంలో పదేళ్ల వయసు నుంచి నేను పడుతున్న ముష్టి హస్తమే. పట్టాను. ఉంగరపు వేలు వెళ్లి చిటికెనవేలి మీదకెక్కింది! వేళ్లు చాపి పతాకం పడితే మాత్రం ఏ వంకా కనబడదు. అరచేతిలో ఎముక మెలితిరిగి విరిగిందన్నారు. అక్కడ ఐదు డిగ్రీలు తిరిగితే చాలట, ముడిచినప్పుడు వేలి కొన ఒకటిన్నర సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అలాగే అతుక్కుపోయి ఉంటే నేను మళ్లీ ముష్టి పట్టగలిగేదాన్ని కాదు.

చేతిలో 27 ఎముకలున్నాయి. విరిగిన ప్రతిదానికీ కోత అక్కర్లేదు. వేలి ఎముక పక్కకు జరగకపోతే పక్క వేలితో జోడించి టేపు చుడితే చాలు. జరిగితే మత్తు సూది వేసి సరిచేసి పిండిబద్ద కడతారు. అప్పుడు మందపాటి పుస్తకం పట్టుకున్నట్టు మెటికల దగ్గర వంచి, వేళ్లు నిటారుగా ఉంచాలి. లేకపోతే కీళ్లు బిగుసుకుంటాయి. సరిచేసినా నిలవకపోతే సన్నటి స్టీలు తీగలు గుచ్చి, మూడు నాలుగు వారాలకు లాగేస్తారు. నాది మెలిక విరుగుడు కాబట్టి చిన్న స్క్రూలు పడ్డాయి. చంక దగ్గర మత్తిచ్చారు. ఎముక ముక్కలు కదలకుండా బిగిశాయి కనక వేళ్లు వారంలోనే ఆడించమన్నారు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. బొటనవేలు పైకి చాపితే దాని మొదట్లో మణికట్టు దగ్గర చిన్న గుంట పడుతుంది. పడ్డాక అక్కడ నొక్కితే నొప్పిగా ఉంటే, బెణికిందని బామ్ రాసి వదిలేయవద్దు. ఆ గుంట అడుగున ఉండే ఎముక విరిగినా మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. రెండు వారాలకు మళ్లీ తీయించాలి. దానికి రక్తం ముందువైపు నుంచి వెనక్కి పారుతుంది. కాలవ తెగితే చివరి పొలం ఎండినట్టు, వెనక ముక్క అతుక్కోక చచ్చిపోవచ్చు.

ఫిజియోథెరపీలో నేర్పిన వ్యాయామాలు నాకు కొత్త కాలేదు. వేళ్లు చాపితే పతాకం, మూస్తే ముష్టి. త్రిపతాకం మాత్రం ఏడిపించింది. పతాకం నుంచి ఆ హస్తానికి వంగాల్సింది ఉంగరపు వేలొక్కటే, అదీ విరిగిన ఎముక తాలూకు వేలే. మొదట్లో చిటికెనవేలు కూడా దానితోపాటే వచ్చేసి అర్ధపతాకమయ్యేది. మూడో నెలలో ఒకరోజు, పిల్లలకు అడుగులు చెబుతుండగా, చిటికెనవేలు నిలబడింది.