వారసత్వముగా వచ్చిన విడిది

దూరపు బంధువెవరో కాలధర్మము నొందగా ఒక పాతకాలపు విశాలభవనము అనుకోకుండ తమకు సంక్రమించుటయు, దానిని అమ్ముకొనుటకు మనసొప్పక బాటసారులకు గదు లద్దెకిచ్చి భోజనము పెట్టు విడిదిగా మార్చుటయు, అతిథులు చేరీ చేరకమునుపే అందులో హత్య జరుగుటయు, ఆంగ్లమున విరివిగా వెలువడు ఒక తరహా అపరాధపరిశోధక కథలకు అలవాటైన ఆరంభము. వీనిని అక్కడివారు ‘కోజీ మిస్టరీ’లందురు. నెత్తురు వరదలై పారదు, హింసావర్ణన యుండదు, కూపీ లాగువారు పోలీసులు కాక, ఊరందరి గుట్టుమట్టు లెరిగిన ఏ వృద్ధురాలో, ఏ దుకాణదారో యగుదురు, అపరాధి చివరకు దొరకితీరును. ఇవి వట్టి కాలక్షేపపు సరకని త్రోసిపుచ్చువారితో నేనేకీభవింపజాలను. ఈ కథాబీజమునే వాడుకొన్న ఒక నాటకమును అందుకు సాక్ష్యముగా చూపెదను.

అది అగాథా క్రిస్టీ రచించిన ‘ది మౌస్‌ట్రాప్’. 1952 అక్టోబరులో నాటింగ్‌హామ్ నగరమున మొదట ప్రదర్శింపబడి, ఆ యేడు నవంబరు 25వ తేదీన లండనులోని అంబాసడర్స్ థియేటరును చేరి, 1974లో ప్రక్కనున్న సెయింట్ మార్టిన్స్ థియేటరునకు తరలి, 2020 మార్చిలో మహమ్మారి మూలమున ఆగి, మరుసటి యేడు మే నెలలో మరల తెరయెత్తిన ఈ నాటకము ప్రపంచమున అత్యధికకాలము ఆడినదిగా ప్రసిద్ధి కెక్కినది. మొదట పోలీసు సార్జెంటు వేషము ధరించినవాడు, తరువాతి కాలమున ‘గాంధీ’ చిత్రమును నిర్మించిన రిచర్డ్ అటెన్‌బరో. ఇంటి యజమానురాలిగా నటించినది అతని భార్య షీలా సిమ్. తరాలు గడచి నటులు మారిరి, రంగాలంకరణయు మారినది. పొయ్యిగూటిపై నున్న గడియారము మాత్రము తొలినాటిదే.

కథలో మాలీ రాల్‌స్టన్ అను యువతికి మాంక్స్‌వెల్ మేనర్ అను భవనము బంధువురాలి ఆస్తిగా వచ్చును. స్వల్ప పరిచయముతోనే పెండ్లాడిన ఆమెయు భర్త జైల్సును దానిని అతిథిగృహము చేయబూనుదురు. ఇది రచయిత్రి కేవలము ఊహించినది కాదు. యుద్ధానంతరపు ఇంగ్లండులో మాంసమునకు 1954 వరకు రేషను; బొగ్గునకు కటకట; వెనుకటివలె నౌకర్లు దొరకరు; పెద్దల యిల్లు చేతికి వచ్చెనను సంతోషము కంటె దాని పన్నును, మరమ్మతులును, చలికాలమున దానిని వెచ్చగా నుంచు ఖర్చును ముందు కనబడు రోజులవి. అందుచేత ఆ దంపతులు తామే పొయ్యి ఎగద్రోసికొనుచు, తామే వంట చేయుచు, పక్కలు తామే పరచుచు అతిథులకై ఎదురుచూతురు. అంతలో మంచు కురిసి దారులు మూసికొనిపోవును; టెలిఫోను తెగును; ముందుగా గది అడుగని పెద్దమనిషి యొకడు, కారు మంచులో బోల్తాపడినదని వచ్చి తలుపు తట్టును; సార్జెంటు మంచుపై జారుకర్రలు తొడుగుకొని వచ్చును.

విడిదిని ఎన్నుకొనుటలోని రచనాశిల్పమును ఇచట గమనింపవలెను. చుట్టరికముగల యింట వచ్చినవారి పుట్టుపూర్వోత్తరములు అందరికిని తెలియును; పూటకూళ్ళ యింట అతిథి చెప్పిన పేరే పేరు, అతడు చెప్పిన ఊరే ఊరు. తుపానులో నిలిచినవానిని పొమ్మనుట గృహస్థునకు తగదు, రమ్మనుట క్షేమము కాదు. ఇంటికి కొత్తయైన వారసురాలికి తెలిసినంతయే ప్రేక్షకునకును తెలియును. కనుక ఆమె శంకించు ప్రతి అడుగుచప్పుడు మనచేతను శంకింపజేయును. తుదకు కట్టుకొన్న భర్తను గూర్చియు తనకెంత తెలియునని ఆమెకు సందేహము కలుగు ఘట్టమును నేను ఈ నాటకమునకు ప్రాణముగా నెంచుదును. హంతకుడెవ్వడో చెప్పను. ప్రేక్షకులు ఆ రహస్యమును తమ గుండెల్లోనే దాచుకొనవలెనని నాటకాంతమున నటులే వేడుకొందురు. ఈ నాటకపు హక్కులను క్రిస్టీ, అప్పటికి బాలుడైన తన మనుమనికి కానుకగా నిచ్చెను. వారసత్వకథయే ఒక వారసత్వమైనది.

ఇంతటి వెచ్చని విడిదికి పునాదియైన వృత్తాంతము మిక్కిలి దారుణమైనది. 1945 జనవరిలో, ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ జిల్లా పొలములనడుమ ఒక ఇంట, స్థానికాధికారులు పెంపకమునకు అప్పగించిన 12 ఏండ్ల బాలుడు దెబ్బలకును ఆకలికిని బలియై మరణించెను. దేశమంతయు అట్టుడికిపోయినది, విచారణసంఘము పర్యవేక్షణలోని లోపములను బయటపెట్టెను, 1948లో వచ్చిన బాలల చట్టమునకు దారితీసిన కారణములలో ఈ మరణమొకటి. 1947లో మేరీ రాణి 80వ పుట్టినరోజు సందర్భమున రేడియోకై నాటిక వ్రాయుమని కోరగా, క్రిస్టీ ఆ వేడుకకు ఎత్తుకొన్న యితివృత్తము ఇదియే. ఆ నాటికయే పెరిగి ‘ది మౌస్‌ట్రాప్’ అయినది. అందులో బాలుని పేరు మారినది, పొలము పేరు మారినది; పసివారిని పరుల చేతిలో పెట్టి మరల తొంగిచూడని పెద్దల తప్పును మాత్రము ఆమె ఏమియు మార్చలేదు, దానిని తెలిసియు పట్టించుకొనని వారిని అతిథులలో ఉంచుటకును వెనుదీయలేదు.