పెద్ద టెక్ కంపెనీలో ఉద్యోగం: ఆఫర్ లెటర్ చెప్పేదేంటి, చెప్పనిదేంటి?

పోయిన వారం మా పిన్ని కొడుకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, రెండు ఆఫర్లు వచ్చాయి. పెద్ద కంపెనీది 32 లక్షలు, చిన్న కంపెనీది 22 లక్షలు. ఇంట్లో వాళ్లేమో ఇందులో ఆలోచించడానికేముంది అంటున్నారు. నువ్వేమంటావ్?" అన్నాడు. నేనూ ఒక పెద్ద కంపెనీలో ఆరేళ్లు పనిచేసి బయటికొచ్చినవాణ్నే. వాడికి చెప్పిందే ఈరోజు మీకూ చెప్తాను.

ముందు డబ్బు సంగతి. ఆ 32 లక్షల్ని విడదీయమన్నాను. బేసిక్, అలవెన్సులు అన్నీ కలిపి జీతం 18 లక్షలు. జాయినింగ్ బోనస్ 4 లక్షలు, అది మొదటి ఏడాది మాత్రమే. మిగతా 10 లక్షలు షేర్లు, అంటే ఆర్‌ఎస్‌యూలు. నాలుగేళ్లకి కలిపి 40 లక్షల షేర్లు ఇస్తామని చెప్పి, అందులో ఒక ఏడాది వాటాని ప్యాకేజీలో చూపించారు. చిన్న కంపెనీ ఇచ్చే 22 లక్షలూ జీతమే. ఇప్పుడు నెలకి లెక్కేయండి. టాక్స్‌కి ముందు పెద్ద కంపెనీలో లక్షన్నర, చిన్న కంపెనీలో లక్షా ఎనభై మూడు వేలు! వాడు కాసేపు ఏం మాట్లాడలేదు.

అలాగని షేర్లు దండగ అనుకోకండి. చాలామంది అప్పులు తీర్చింది, ఇళ్లు కట్టింది వాటితోనే. కాకపోతే మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, షేర్లు ఒకేసారి చేతికి రావు. చాలా చోట్ల నాలుగేళ్లలో విడతలు విడతలుగా వస్తాయి. మధ్యలో మానేస్తే రానివి పోయినట్టే. రెండు, షేర్లు మన పేరు మీదకి వచ్చిన రోజే వాటి విలువని జీతంగా లెక్కేసి టాక్స్ పట్టుకుంటారు. మనం అమ్మామా లేదా అన్నది వాళ్లకి అనవసరం. మూడు, ధర మన చేతిలో ఉండదు. మెటా షేరు 2021 సెప్టెంబర్‌లో 380 డాలర్లు దాటింది. 2022 నవంబర్ మొదట్లో 90 డాలర్ల దగ్గరికి పడిపోయింది. తర్వాత మళ్లీ లేచిందనుకోండి. కానీ ఆ మధ్యలో ఇంటి లోన్ ఈఎంఐ కట్టాల్సినవాడి పరిస్థితి ఆలోచించండి.

సరే, డబ్బు పక్కన పెడదాం. పెద్ద కంపెనీలో నిజంగా దొరికేది పని క్రమశిక్షణ. నేను రాసిన మొదటి కోడ్ 40 లైన్లు. రివ్యూలో దానిమీద 27 కామెంట్లు వచ్చాయి. ఏడుపొచ్చింది. ఏడాది తర్వాత చూసుకుంటే, నాకు వచ్చిన పనిలో సగం ఆ కామెంట్ల నుంచి వచ్చిందే. కోట్ల మంది వాడే యాప్‌లో మార్పుని ఒక్కసారిగా అందరికీ వదలరు. ముందు నూటికి ఒకరికి వదిలి, ఏమీ పగల్లేదని చూసి, అప్పుడు మిగతావాళ్లకి పెంచుకుంటూ పోతారు. ఏదైనా కూలిపోతే "ఎవరు చేశారు?" అని కాకుండా "ఎలా జరిగింది?" అని రాసి పెట్టుకుంటారు. అన్ని టీముల్లో అలా ఉండదు గానీ, ఉన్నచోట పని నేర్చుకుంటే ఆ అలవాటు జీవితాంతం ఉంటుంది.

ఇంకో లాభం, రెజ్యూమెలో ఆ పేరు. తర్వాత ఎక్కడికెళ్లినా మొదటి తలుపు తొందరగా తెరుచుకుంటుంది. హైదరాబాద్ పిల్లలకి ఇంకో సౌకర్యం, ఇల్లు వదలకుండానే ఇవన్నీ దొరుకుతాయి. మైక్రోసాఫ్ట్ ఇక్కడ డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది 1998లో. అమెజాన్ 2019లో ఇక్కడ తెరిచిన క్యాంపస్‌లో 15,000 మంది కూర్చోవచ్చు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. నేను రెండేళ్లు ఒకే పేజీలో ఒకే బటన్ మీద పనిచేశాను. నవ్వకండి, నిజం! రంగు మార్చాలంటే మూడు టీములు ఒప్పుకోవాలి. పైగా చాలా పెద్ద కంపెనీల్లో టూల్స్ సొంతవి ఉంటాయి. వాటిలో ఎంత ఆరితేరినా బయట ఆ టూల్ ఉండదు. నేను బయటికొచ్చినప్పుడు, ఒక మామూలు సర్వర్‌ని మొదటినుంచీ పెట్టుకోవడం రాక యూట్యూబ్ చూసి నేర్చుకున్నాను. అదే చిన్న కంపెనీలోనైతే మొదటి నెలలోనే ఆ పని నెత్తిన పడేది.

ఇక భద్రత. "పెద్ద కంపెనీ అంటే గవర్నమెంట్ ఉద్యోగంలాంటిదే" అని ఇంట్లోవాళ్లు అంటారు కదా? 2022 నవంబర్‌లో మెటా 11,000 మందిని తీసేసింది. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ 10,000 మందిని, గూగుల్ సుమారు 12,000 మందిని తీసేస్తున్నామని ప్రకటించాయి. పని రానివాళ్లనే తీసేస్తారనుకోవద్దు. ఒక్కోసారి ప్రాజెక్టు మొత్తం ఎత్తేస్తారు, అందులో ఉన్నవాళ్లందరూ పోతారు. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్న మనవాళ్లకి ఇది ఇంకా కష్టం. ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజులే టైమ్. ఈలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే వీసా స్టేటస్‌కి అప్లై చేసుకోవాలి. రెండూ కాకపోతే పిల్లల స్కూలు మధ్యలో ఆపి సామాను సర్దుకోవాలి.

నాతో పనిచేసిన ఒకతనికి పొద్దున లేచేసరికి లాప్‌టాప్ తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ మర్చిపోయాననుకుని నాకే ఫోన్ చేశాడు. అతనికి ఉద్యోగం పోయిందన్న బాధకంటే, షేర్లు కూడా జీతమే అనుకుని తీసుకున్న ఫ్లాట్ లోన్ బాధ ఎక్కువైంది. ఆ ఫోన్ కాల్ తర్వాతే నేను నా ఖర్చులన్నీ కాగితం మీద రాసుకున్నాను.

అందుకే మా తమ్ముడికి "ఇందులో చేరు, అందులో చేరు" అని చెప్పలేదు. నాలుగు ప్రశ్నలు అడగమన్నాను. ఏ టీములో వేస్తున్నారు? చేతికొచ్చే నెల జీతం ఎంత? ఏడాదిలోపు మానేస్తే జాయినింగ్ బోనస్ వెనక్కివ్వాలా? రాత్రిపూట ఆన్‌కాల్ ఎన్ని వారాలకి ఒకసారి వస్తుంది? చిన్న కంపెనీనైతే ఇంకోటి కూడా అడగాలి: మీ దగ్గర ఎన్ని నెలల జీతాలకి సరిపడా డబ్బుంది?

వాడు చివరికి పెద్ద కంపెనీలోనే చేరాడు. మంచిదే. టీము బాగుంది, పక్కన నేర్పే సీనియర్లు ఉన్నారు. ఒక్క మాట మాత్రం తీసుకున్నాను: ఈఎంఐ ఏది తీసుకున్నా నెల జీతం చూసే తీసుకోవాలి, షేర్లు చూసి కాదు. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టేదాకా కారు మాట ఎత్తకూడదు. "సరే అన్నా" అన్నాడు. బైక్ మాత్రం కొన్నాడు.

మీ చేతిలో కూడా ఇలాంటి ఆఫర్ ఉంటే, ఇంట్లో స్వీట్లు పంచేలోపు ఒక్కసారి ఆ లెటర్ రెండో పేజీ కూడా చదవండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.