పూజావేళ దొర్లు పొరపాట్లు

“దేవాలయములో నవ్వవచ్చునా అండీ?” అని మా విద్యార్థి యొకడు తరగతిలో నడిగెను. వాని మనస్సులో నేమున్నదో మాకు దెలియును. గడచిన క్రిస్మసు అర్ధరాత్రి పూజలో వాడును నవ్వెను, మేమును నవ్వితిమి.

జరిగిన దిది. కోనసీమలో నొక చిన్న గ్రామము. పాట ముగిసినది, గురువుగారు చేతులు చాచి ప్రార్థన నారంభించిరి. కాని హార్మోనియము మాత్ర మూరకుండలేదు. నొక్కిన మెట్టొకటి పైకి లేవక, ఆ యొక్క స్వరమే మ్రోగుచుండెను. వాయించు బాలుడు బెదరి తిత్తిని మరింత వేగముగా నూదెను. స్వరము మరింత హెచ్చెను. తుదకు పెద్దవా రొకరు వాని చేయి పట్టుకొనగా, ఆ పెట్టె తల్లిని బాసిన దూడవలె దీర్ఘముగా మూల్గి యాగెను. పీఠబాలకులు మొదలుకొని ఉపదేశిగారి వరకు నందరును నవ్విరి. గురువుగారు చిరునవ్వుతో, “హార్మోనియము ప్రార్థన ముగించినది, ఇక మన వంతు” అని కొనసాగించిరి.

ఇందులో బాలుని తప్పేమి? హార్మోనియములో ప్రతి మెట్టు క్రిందను ఒక చిన్న కొయ్యపలక గాలిదారిని మూసియుండును. మెట్టు నొక్కగా పలక లేచును, గాలి ఇత్తడి రీడును కదలించును, స్వరము పుట్టును. వ్రేలు తీయగానే స్ప్రింగు పలకను మరల మూయవలెను. గౌతమీ వసిష్ఠ పాయల నడుమ, కాలువల గట్లపై నున్న మన సీమలో చెమ్మ యధికము. కొయ్య యుబ్బి, మెట్టు ప్రక్కమెట్టును ఒరసికొని లేవదు. అట్టి వేళ తిత్తి యూదుట మాని, మెట్టును వ్రేలితో పైకెత్తుటయే తగిన యుపాయము.

కొన్ని పొరపాట్లకు చెమ్మ గాక, అలవాటు కారణము. తపఃకాలమున “అల్లెలూయ” పాడరాదు. అయినను ఏడాది పొడుగున పాడిన నోరు సువిశేషమునకు ముందు సగము మాట పలికి నాలుక కరచుకొనును. పవిత్ర గురువారమున మహిమగీతము పిదప పాస్క జాగరణ వరకు గంట మ్రోగరాదు; పీఠబాలకుని చేయి మాత్రము గంట మీదికే పోవును.

గురువులకును ఇట్టి చిక్కులు తప్పవు. పూర్వము పూజ లతీను భాషలో జరుగుచుండెను; గురువు మాట తడబడినను గ్రామస్థులకు దెలియకుండెను. 1963 డిసెంబరు 4వ తేదీన రెండవ వాటికను మహాసభ ఆరాధనలో స్వభాషల వాడుక కనుమతి నిచ్చెను. పూజ తెలుగులోనికి వచ్చిన పిమ్మట, ఒక పుట కెక్కువగా త్రిప్పిన సంగతి ముందువరుసలోని పసివాండ్రకు సైతము తెలిసిపోవుచున్నది.

తిరుసభ పెద్దలు ఇవి యన్నియు ముందే యెరిగినవారు. 1570లో అయిదవ పయస్ పోపుగారు ప్రకటించిన పూజాగ్రంథములో లోపములను గూర్చి ప్రత్యేక భాగ మొకటి కలదు. అభిషేచన వాక్యములకు ముందు పాత్రలో ఈగయో సాలెపురుగో పడినచో, ఆ ద్రాక్షారసమును తగినచోట పారబోసి వేరుది పోయవలెనట. చలికి పాత్రలోనిది గడ్డకట్టినచో, వేడి వస్త్రములు చుట్టవలెనట. మనకు గడ్డకట్టు బెంగ లేదు గాని, వానకాలపు దీపపు పురుగుల బెంగ కలదు. పాత్రపై చదరపు మూత యుంచుట అందులకే. అభిషేచన పిమ్మట గురువు జబ్బుపడి యాగినచో, మరియొక గురువు ఆ పూజను ముగింపవలెనని కూడ అందు వ్రాసిరి. సేవకుడు తడబడినను సేవ ఆగరాదని దీని భావము.

ఇక ఆ బాలుని సంగతి. గుడిలోని నవ్వు వాని నంతగా బాధింపలేదు. మరునాటినుండి తోడి పిల్లలు వీధిలో వాడు కనబడినప్పుడెల్ల ఆ మూల్గును అనుకరించిరి. మూడు ఆదివారములు వాడు హార్మోనియము నంటలేదు. గుడిలో వెనుక గోడ నానుకొని నిలిచెను. మేము చూచియు మందలింపక పోతిమి. ఈ తప్పు మాది. నాలుగవ వారమున ఆ గ్రామపు ముసలి గాయకు డొకరు వాని చేతికి మెత్తని గుడ్డ నిచ్చి, “రారా అబ్బాయీ, మెట్లు తుడుతము” అనిరి. ఇప్పుడు పూజకు పావుగంట ముందే వచ్చి, ప్రతి మెట్టును నొక్కి చూచువాడు వాడే.

కాబట్టి, నాయనా, దేవాలయములో నవ్వు వచ్చినచో రానిమ్ము. కాని దానిని గుమ్మము దాటి ఆ బాలుని యింటిదాక వెంట బంపకుము. మా తరగతిలో ప్రశ్న యడిగిన విద్యార్థికి మే మిచ్చిన యుత్తర మిదియే. మరుసటి యాదివారము వాడును ఒక గుడ్డ తీసికొని పోయెనని వింటిమి.