ఓ2 పెడితేనే తప్పొస్తోందా? దొంగను పట్టండిలా!

ఆలమూరులో ఇంట్లో కూర్చుని, రాత్రి పదింటికి ప్లేస్‌మెంట్ ప్రాక్టీసు కోసం ఓ సీ ప్రోగ్రామ్ రాశారనుకోండి. మీ ల్యాప్‌టాప్‌లో జవాబు సరిగ్గానే వస్తోంది. సబ్మిట్ చేస్తే మాత్రం ‘రాంగ్ ఆన్సర్’! లూప్‌లో ఒక ప్రింట్‌ఎఫ్ పెట్టి చూస్తే తప్పు మాయం. తీసేస్తే మళ్లీ ప్రత్యక్షం. కోడ్‌ఫోర్సెస్ లాంటి సైట్లు సీ ప్రోగ్రాములను ఓ2 ఆప్షన్‌తో కంపైల్ చేస్తాయి. మీరేమో ఏ ఆప్షనూ ఇవ్వలేదు, అంటే ఓ జీరో. తేడా అక్కడే ఉండొచ్చు. ‘కంపైలర్‌లోనే బగ్గుంది రా’ అని ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టే ముందు కాస్త ఆగండి.

ఓ2 అంటే వేగం కోసం మీ కోడ్‌ను సర్దమని కంపైలర్‌కు చెప్పడం. అది లైన్ల వరస మారుస్తుంది, అక్కర్లేదనుకున్న తనిఖీలను తీసేస్తుంది. ఇదంతా ఒక నమ్మకం మీద చేస్తుంది: మీరు సీ భాష నియమాలు పాటించారని. విలువ ఇవ్వని వేరియబుల్‌ను చదవడం, అర్రే హద్దు దాటడం, ఇంట్ పరిమితి మించిపోవడం.. ఇవన్నీ నియమం తప్పడమే. దీన్నే అన్‌డిఫైన్డ్ బిహేవియర్ అంటారు. ఓ జీరోలో ఆ తప్పు నివురుగప్పిన నిప్పులా ఉంటుంది. ఓ2 ఆ నివురును ఊదేస్తుంది.

ఇది విద్యార్థులకే జరుగుతుందనుకోకండి. 2009లో లినక్స్ కెర్నల్‌లోనే జరిగింది. టన్ అనే నెట్‌వర్క్ డ్రైవర్‌లో ఒక పాయింటర్ ద్వారా విలువను ముందే చదివేశారు. ఆ పాయింటర్ నల్ అవునా కాదా అన్న తనిఖీ ఆ తర్వాత లైన్లో పెట్టారు. జీసీసీ ఏమనుకుంది? ‘ముందే చదివావంటే అది నల్ కాదన్నమాట, మరి ఈ తనిఖీ ఎందుకు?’ అని దాన్ని తీసిపారేసింది. సోర్స్ కోడ్ చూస్తే తనిఖీ కళ్లముందే కనబడుతుంది, తయారైన కోడ్‌లో మాత్రం ఉండదు. దాన్ని వాడుకుని మామూలు యూజర్ రూట్ అధికారం సంపాదించవచ్చని చూపించారు. రెండు లైన్ల వరస సరిచేశారు. ఇలాంటి తనిఖీలు తీయొద్దని చెప్పే ఆప్షన్‌ను కూడా కెర్నల్ బిల్డ్‌లో చేర్చారు. భాష నియమాల ప్రకారం జీసీసీ తప్పేమీ లేదు. కానీ ఇంత కచ్చితంగా ఉండాలా అని చాలామంది గొడవపడ్డారు, అందులో న్యాయం లేకపోలేదు.

సరే, మీ ప్రోగ్రామ్ సంగతి. ముందు వార్నింగులన్నీ ఆన్ చేసి చూడండి. తర్వాత అడ్రస్ శానిటైజర్, అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్ పెట్టి నడపండి. చాలాసార్లు దొంగ ఇక్కడే దొరుకుతాడు, లైన్ నంబర్‌తో సహా. విండోస్‌లో మింగ్‌డబ్ల్యూ వాడేవాళ్లకు ఇవి సరిగా అందకపోవచ్చు, ఉబుంటు వేసుకోవడం మేలు. జీసీసీతో వచ్చిన తప్పు క్లాంగ్‌తోనూ వస్తుందేమో చూడండి. ఎఫ్-ర్యాప్-వి ఆప్షన్ ఇవ్వగానే తప్పు పోయిందా? అయితే ఇంట్ పరిమితి దాటుతోందేమో వెతకండి.

ఇవేవీ పనిచేయకపోతే సగానికి సగం కోయడమే. మన కాలువల మీద లస్కరు చేసేదీ ఇదే కదా! శివారు పొలానికి నీరు రాకపోతే అడుగడుగూ వెతకడు. మధ్యలో ఉన్న లాకు దగ్గర చూస్తాడు. అక్కడికి నీరొచ్చిందంటే గండి దిగువనే. మీరూ సగం ఫైళ్లను ఓ జీరోతో, మిగతా సగాన్ని ఓ2తో కంపైల్ చేసి లింక్ చేయండి. 40 ఫైళ్లున్నా ఆరుసార్లలో ఒక్క ఫైలు మిగులుతుంది. క్లాంగ్‌లో ఇంకో సౌకర్యం ఉంది. ఆప్టిమైజేషన్ దశలకు వరసగా నంబర్లు వేసి, ఫలానా నంబర్ దగ్గర ఆగిపోమని చెప్పొచ్చు. ఆ ఆప్షన్ పేరు ఆప్ట్ బైసెక్ట్ లిమిట్. వెయ్యి దశలున్నా పది ప్రయత్నాలు చాలు. అయితే ఒక మాట. తప్పు బయటపడిన ఫైలే దొంగ అని ఖాయం చేయకండి. అర్రే హద్దు దాటింది పక్క ఫైల్లో కావచ్చు.

అన్నీ అయ్యాక కూడా మీ కోడ్ నిర్దోషి అని తేలితే? అప్పుడు నిజంగానే కంపైలర్‌ని అనుమానించాలి. అమెరికాలోని యూటా యూనివర్సిటీ పరిశోధకులు సీస్మిత్ అనే టూల్‌తో యాదృచ్ఛికంగా సీ ప్రోగ్రాములు పుట్టించి కంపైలర్లను పరీక్షించారు. అంతవరకూ ఎవరికీ తెలియని 325కు పైగా బగ్గులు దొరికాయని 2011లో ప్రకటించారు. పరీక్షించిన ప్రతి కంపైలర్‌లోనూ ఏదో ఒకటి దొరికింది. పెద్ద ప్రోగ్రామ్‌ను బగ్ పోకుండా కొన్ని లైన్లకు కుదించే సీ-రెడ్యూస్ కూడా అక్కడిదే. జీసీసీ వాళ్లకు బగ్‌జిల్లాలో, ఎల్ఎల్‌వీఎం వాళ్లకు గిట్‌హబ్‌లో ఫిర్యాదు చేసేటప్పుడు ఆ చిన్న ప్రోగ్రామే పంపాలి. ఐదు వేల లైన్లు పంపితే ఎవరు చదువుతారు?

ఉద్యోగం మాటకొస్తే.. ప్రాసెసర్ డిజైన్ చేసే పెద్ద కంపెనీలకు కంపైలర్ టీమ్ కావాల్సిందే. గేట్ కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో కంపైలర్ డిజైన్ ఉంది. ఎన్‌పీటెల్‌లో ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ వై.ఎన్.శ్రీకాంత్ పాఠాలు ఉచితం. ఐఐటీ హైదరాబాద్‌లో రామకృష్ణ ఉపద్రష్ట బృందం ఎల్ఎల్‌వీఎం మీద పరిశోధన చేస్తోంది, వాళ్ల ఐఆర్‌టువెక్ టూల్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది.

కంపైలర్ ఉద్యోగం మీకొద్దనుకున్నా, ‘మీరు ఎదుర్కొన్న కష్టమైన బగ్ ఏది?’ అన్న ప్రశ్న ఇంటర్వ్యూలో తరచూ ఎదురవుతుంది. అందుకే ఈ రాత్రి బగ్ దొరకగానే నిద్రపోకండి. ఏ కంపైలర్, ఏ వెర్షన్, ఏ ఆప్షన్‌తో తప్పొచ్చింది, మొదట ఎవరిని అనుమానించారు, ఏ పరీక్షతో ఆ అనుమానం తీరింది, చివరికి ఎన్ని లైన్లకు కుదించారు.. ఒక పేజీలో రాసి పెట్టుకోండి. తేదీ కూడా వేయండి.